పదమూడో ఫ్రేము

“తలకిందులుగా పట్టుకున్నావ్,” అన్నాడు చీఫ్.

ఏజెంటు నీడ తన చేతిలో ఉన్న పెద్ద కాగితాన్ని గబుక్కున తిప్పాడు. తిప్పాక కూడా అతనికి తేడా ఏమీ కనపడలేదు. గీతలు, గీతల పక్కన అంకెలు, అక్కడక్కడా బాణం గుర్తులు.

“ఏమిటది?”

“పంపు అనుకుంటాను సార్.”

“పంపు కాదు. ఈ బిల్డింగు లిఫ్టు తలుపుకున్న గొళ్ళెం. నిన్ను పరీక్షిద్దామని తెప్పించాను. పాసవుతావని నేనూ అనుకోలేదులే.”

నీడ అంటే డిపార్ట్‌మెంటులో హడల్. ఆ పేరు పెట్టింది శత్రువులే. పద్నాలుగు మిషన్లు, పద్నాలుగు మారువేషాలు, ఒక్కటి కూడా విఫలం కాలేదు. తాళంచెవి లేకుండా ఎంత బీరువా అయినా తెరుస్తాడు. అలాంటి మనిషి నలభై మూడేళ్ళ వయసులో ఒక గొళ్ళెం బొమ్మ ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

ఆ గది ఒక కళ్ళజోళ్ళ షాపు వెనకాల ఉంది. చీఫ్ తలుపు గడియ వేసి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

“దర్జీలు మళ్ళీ కదిలారు. అదే విదేశీ ముఠా. ఈసారి టార్గెట్ మన ఫ్యాక్టరీ. సముద్రం అడుగున చిక్కుకుపోయినవాళ్ళని పైకి తెచ్చే రెస్క్యూ క్యాప్సూల్ అక్కడ తయారవుతోంది. మూడు వారాల్లో టెస్ట్. గురువారం, పొద్దున పదకొండింటికి. లోపల నలుగురు డైవర్లుంటారు.”

“బాంబా సార్?”

“బాంబయితే నిన్నెందుకు, కుక్కని పంపేవాణ్ణి. డ్రాయింగ్ మారుస్తారు. రెండొందల నలభై షీట్లలో ఏదో ఒకటి. ఒక్క గీత చాలు. మనవాళ్ళే, మన మెషీన్ల మీదే తప్పుడు పార్టు చేసి బిగించేస్తారు. ఆ గీత పట్టుకోవాలి నువ్వు.”

“నాకు డ్రాయింగ్ చదవడం రాదు సార్.”

“తెలుస్తూనే ఉంది. నేర్చుకో. స్టోర్స్ నుంచి బదిలీ అయిన ట్రైనీ ఇన్‌స్పెక్టర్‌వి నువ్వు. నీకు నేర్పేది ఒక పాత ఫోర్‌మన్. పద్దెనిమిది నెలల కిందట నువ్వు తెచ్చిన వాల్వు డ్రాయింగ్ గుర్తుందా? మూల చిరిగిపోయి ఉందన్నావే, అది. దాన్ని చూసి వాల్వు చేసింది ఆయనే. టెస్టులో కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.”

నీడ గొళ్ళెం బొమ్మను నెమ్మదిగా మడిచాడు.

“ముత్యం కూడా అక్కడే ఉంటుంది, డిజైన్ కన్సల్టెంట్‌గా. మన మనిషే కాబట్టి నీకు తోడు. ఏంటి, అలా అయిపోయావ్?”

“ఏం లేదు సార్. గదిలో గాలాడటం లేదు.”

అసలు సంగతేమిటో పాఠకులకు ఇప్పుడే చెప్పెయ్యడం మంచిది. ఎందుకంటే మన హీరో తనంతట తాను నోరు విప్పే రకం కాదు.

మూల చిరగలేదు. ఆనాడు అతని కోటు గుండీలో కెమెరా ఉంది. ఫిల్ము సరిగ్గా పదమూడు ఫ్రేములు. డ్రాయింగ్ భోజనాల బల్లంత పెద్దది కాబట్టి ముక్కలు ముక్కలుగా తీయాలి. పన్నెండు తీశాక కుడిచేతి కింది మూల ఒక్కటీ మిగిలింది. దాంట్లో చిన్న చిన్న గడులు, తారీకులు, ఎవరివో పొడి సంతకాలు, ఒక పక్కన గరాటు లాంటి బొమ్మ. ఆఫీసువాళ్ళ గోల అనుకున్నాడు నీడ. సరిగ్గా అప్పుడే, అతన్ని దొంగదారిన ఆ గదిలోకి చేర్చిన ముత్యం బాల్కనీలో నిలబడి వెనక్కి తిరిగి నవ్వింది. సాయంత్రపు ఎండ ఆమె చెవి పోగు మీద పడుతోంది.

“నన్నొక్క ఫొటో తియ్యవా?” అంది.

తీశాడు.

తిరిగొచ్చాక మూల ఏదని అడిగారు. చిరిగిపోయి ఉందన్నాడు. పదమూడో ఫ్రేమును వాష్‌బేసిన్‌లో కాల్చేశాడు. నీడ మాటంటే మాటే కాబట్టి రెండోసారి ఎవరూ అడగలేదు.

*

ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని మైక్రాన్ బాబాయ్ అంటారు. వెంట్రుకలో డెబ్భయ్యో వంతు తేడా ఉన్నా జాబ్, అంటే చేసిన పార్టు, వెనక్కి పంపేస్తాడని ఆ పేరు. యాభై ఎనిమిదేళ్ళు, బక్కపలచటి మనిషి, చెవి వెనక పెన్సిలు. ఒకప్పుడు షాప్ ఫ్లోర్ మొత్తానికి ఫోర్‌మన్. ఇప్పుడు ఇన్‌స్పెక్షన్ రూములో ట్రైనీలకు ఓనమాలు దిద్దిస్తున్నాడు.

నీడ కొత్త మీసంతో, సోడాబుడ్డి కళ్ళజోడుతో మొదటి రోజు ఆయన ముందు నిలబడ్డాడు. కళ్ళజోడు కాడలో రేడియో ఉంది. పెన్సిల్లో పొగబాంబు ఉంది. వాచీలో ఇంకేదో ఉంది. ఇవన్నీ ఉన్నా, ఆయన కుడిచెయ్యి చూడగానే చూపు దాని మీదే ఆగిపోయింది. చూపుడు వేలు లేదు, మధ్యవేలు లేదు. పెన్సిలును బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించి, స్కేలు లేకుండా తిన్నగా గీత గీశాడాయన.

“స్టోర్స్‌లో ఎన్నేళ్ళు చేశావబ్బాయ్?”

“పదహారేళ్ళు బాబాయ్.”

“పదహారేళ్ళూ డ్రాయింగుల్ని చుట్టి కట్టలు కట్టావన్నమాట. ఒక్కటైనా విప్పి చూసిన పాపాన పోలేదు.”

పక్కనున్న మెషినిస్టులు కిసుక్కున నవ్వారు. సాయంత్రానికల్లా నీడకు ముసలి ట్రైనీ అని పేరు స్థిరపడిపోయింది.

చదువు అంత సులువుగా ఎక్కలేదు. లావు గీత అంటే కంటికి కనిపించే అంచు. తెగిన గీత అంటే లోపల దాక్కున్న అంచు, పైనుంచి కనపడనిది. గీతా చుక్కా, గీతా చుక్కా వస్తే అది మధ్య గీత. మూడో రోజున నీడ ఒక కొలత దొరక్క, తెలివి ఉపయోగించి డ్రాయింగ్ మీదే స్కేలు పెట్టి కొలిచాడు. బాబాయ్ ఆ స్కేలు లాక్కుని బల్ల మీద ఠప్పున కొట్టాడు.

“కాగితాన్ని కొలుస్తావా? ఇవాళ వాన పడితే కాగితం సాగుతుంది. రేపు ఎండకాస్తే ముడుచుకుంటుంది. అంకె సాగదు. రాసిన అంకెని నమ్ము, లేదంటే గీసినవాణ్ణి అడుగు. అడగడానికి నామోషీ పడకు.”

చివరి మాట దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గింది. ఎందుకు తగ్గిందో నీడకు ఆరో రోజున తెలిసింది.

ఆరో రోజు పాఠం కుడిచేతి కింది మూల.

“దీన్ని టైటిల్ బ్లాక్ అంటారు. ఇది చదవకుండా మిషన్ స్విచ్చి వేసినవాడు గాడిద. నాతో సహా.” బాబాయ్ గరాటు బొమ్మ మీద పెన్సిలు పెట్టాడు. “ఇది చూడు. గరాటు, పక్కన రెండు సున్నాలు. ఒక వస్తువుని ఎదర నుంచి గీసి, దాని కుడి పక్కన ఇంకో బొమ్మ గీశారనుకో. అది కుడివైపు నుంచి చూసిందా, ఎడమవైపు నుంచి చూసిందా? ప్రపంచంలో రెండు పద్ధతులున్నాయబ్బాయ్. మనది ఒకటి, అవతలివాళ్ళది ఇంకోటి. ఏ పద్ధతో ఈ గరాటు ఎటు తిరిగుందో చూస్తేనే తెలుస్తుంది. ఇది లేకపోతే కుడి ఎడమవుతుంది.”

“అయితే ఏమవుతుంది బాబాయ్?” ఏమవుతుందో తెలిసీ అడిగాడు నీడ. అడిగినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

బాబాయ్ చెయ్యి పైకెత్తి చూపించాడు.

“ఒకసారి మూల చిరిగిన డ్రాయింగ్ వచ్చింది. పైనుంచి తొందర. గుర్తు లేనప్పుడు మిషన్ ఆన్ చెయ్యకూడదని ఈ షాపులో రూలు. ఆ రూలు పెట్టిందే నేను. కానీ ముప్పై ఏళ్ళుగా ఫోర్‌మన్ని, గరాటు ఎటు తిరిగుందని ఎవర్ని పోయి అడగను? సిగ్గేసింది. మన పద్ధతిలోనే చదివేసి చిల్లు వేయించాను. గోడ వైపు ఉండాల్సిన చిల్లు మనిషి వైపు వచ్చింది. ఆ మనిషి నేనే కావడం అదృష్టం. ఇంకొకడైతే నేను బతికుండేవాణ్ణి కాదు.”

నీడ తలెత్తలేదు. నోట్‌బుక్కులో గరాటు బొమ్మ గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. తేలు కుట్టిన దొంగకు కూడా కనీసం తేలు మీద కోపం ఉంటుంది. అతనికి కోప్పడటానికి కూడా ఎవరూ లేరు.

*

ఆదివారం మధ్యాహ్నాలు పాఠం బాబాయ్ ఇంట్లో. రెండు గదులు, వంటింట్లో ఒక బల్ల, బల్ల మీద పాత డ్రాయింగులే గుడ్డగా పరిచి ఉన్నాయి. ఆయన భార్యను ఫ్యాక్టరీ అంతా పిన్ని అంటుంది. నీడ కూడా అలాగే అన్నాడు.

మొదటిసారి వెళ్ళేసరికి ఆవిడ భర్త చొక్కా గుండీలు పెడుతోంది. గడ్డం పైకెత్తి, ఓపికగా నిలబడి ఉన్నాడాయన.

“నీ పేరు చెప్పి ఇవాళ కొత్త చొక్కా వేసుకున్నారు నాయనా. శిష్యుడొస్తున్నాడట. మాకు పెళ్ళైన రోజుక్కూడా ఇంత హడావుడి పడలేదు.”

“నువ్వు నోరు ముయ్యి, సబ్బు తే.”

“చూశావా? సబ్బు ఒళ్ళు రుద్దుకోవడానికి కాదు మా ఇంట్లో. బొమ్మలు చెక్కడానికి. ఈ నెల మూడోది!”

అంటూనే ఆవిడ కొత్త సబ్బు తెచ్చి, కత్తితో ఒక మూల మెట్టులా కోసి, జుట్టు పిన్నుతో పైనుంచి చిల్లు పొడిచింది. ఆయన చెయ్యి చేసే పని ఇప్పుడు ఆవిడ చెయ్యి చేస్తోంది. బాబాయ్ సబ్బును నీడ కళ్ళముందు తిప్పాడు.

“ఎదర నుంచి చూడు, గియ్యి. పైనుంచి చూడు, గియ్యి. ఇప్పుడు సగానికి కోస్తాను. కోసిన ముఖం చూసి గియ్యి. దీన్ని సెక్షన్ అంటారు. మూడు బొమ్మలు. వస్తువు మాత్రం ఒక్కటే. మూడూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే ఒకటి అబద్ధం.”

నీడ చటుక్కున తలెత్తాడు. ఇది అతనికి తెలిసిన విద్యే. ముగ్గురు సాక్షుల్ని మూడు గదుల్లో కూర్చోబెట్టి విడివిడిగా ప్రశ్నించడం. అంతవరకూ గీతల గుంపుగా ఉన్న కాగితం మీద, మొదటిసారి ఒక సబ్బు లేచి నిలబడింది.

“వచ్చింది బాబాయ్! కనిపిస్తోంది!”

బాబాయ్ మొహం వెలిగిపోయింది. ఆయన సబ్బును ఒక పక్కన పెట్టి, భార్య వైపు గర్వంగా చూశాడు. ఆవిడ టీ పోస్తూ నీడతో నెమ్మదిగా అంది.

“ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో. వేళ్ళు పోయిన ఆ టెస్ట్ బే గుమ్మం తొక్కడం మానేశారు. నా చేతకానితనం వల్లే, నా వల్లే అని ఒకటే గొణుగుడు. నువ్వొచ్చాక కాస్త తేరుకున్నారు. నీ రుణం ఎలా తీర్చుకోవాలో నాయనా.”

చెప్పెయ్యాలనుకున్నాడు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. పద్నాలుగు మిషన్లలో అతను కొరడా దెబ్బలకు నోరు విప్పలేదు, విషానికి విప్పలేదు. ఇక్కడ కూడా విప్పలేదు. ఆ మూడు వారాల్లో ఆ ఇంటికి మూడుసార్లు వెళ్ళాడు, మూడుసార్లూ టీ తాగి వచ్చేశాడు.

*

టెస్టుకు రెండు రోజుల ముందు, నీడ మొదటిసారి సొంతంగా ఒక జాబ్ తనిఖీ చేశాడు. షీట్ నంబరు నూట పద్దెనిమిది, రిలీఫ్ బ్లాక్. క్యాప్సూల్ గాలి ట్యాంకులో ఒత్తిడి హద్దు దాటితే గాలి దానంతటదే బయటికి పోవడానికి ఉన్న ఒకే ఒక్క దారి అది. తొంభై మిల్లీమీటర్ల ఎత్తు ఉక్కు దిమ్మ. నీడ సెక్షన్ బొమ్మ పక్కన పెట్టుకుని ఇరవై ఆరు కొలతలూ కొలిచాడు. చిల్లు లోతు అరవై రెండు. కొలిస్తే అరవై రెండే. టిక్కు పెట్టాడు. అన్నీ టిక్కులే.

బాబాయ్ బ్లాకును చేతిలోకి తీసుకోకుండానే కింద సంతకం చేశాడు.

“మీరూ ఒకసారి చూడండి బాబాయ్.”

“నువ్వు చూశావుగా. నేను నేర్పినవాడివి.”

కాంటీన్‌లో ముత్యం ఎదురైంది. బూడిద రంగు సూటు, చెవులకు ముత్యాలు, చేతిలో డ్రాయింగుల గొట్టం. “ఎలా సాగుతోంది చదువు?” అని చిలిపిగా అడిగింది. ఇంకా ఏ షీటూ అనుమానంగా లేదని నీడ చెప్పాడు. “కంగారు పడకు. నేనున్నాగా,” అంది.

గురువారం పొద్దున పదీ యాభైకి నీడ డ్రాయింగ్ రికార్డ్ రూముకు వెళ్ళాడు. పనేమీ లేదు. తను పాసు చేసిన షీటును ఇంకొక్కసారి చూసుకుందామని ముచ్చట పడ్డాడు, అంతే. బీరువాలోంచి నూట పద్దెనిమిది తీసి బల్ల మీద పరిచాడు. ఈసారి అంకెలు చదవలేదు. సబ్బును చూసినట్టు చూశాడు.

ఎదర బొమ్మలో తెగిన గీతలు పైనుంచి కింద దాకా దిగి ఉన్నాయి. అంటే చిల్లు ఇటు నుంచి అటు దూసుకుపోవాలి. సెక్షన్ బొమ్మలో అదే చిల్లు అరవై రెండు దగ్గర ఆగిపోయింది. కింద ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల గట్టి ఉక్కు. గాలి పోయే దారే లేదు.

ముగ్గురు సాక్షుల్లో ఒకడు అబద్ధం చెబుతున్నాడు. దర్జీలు సెక్షన్ మార్చి, ఎదర బొమ్మలో తెగిన గీతలు మార్చడం మరిచిపోయారు. బొమ్మ కాపీ కొట్టినవాడికి వస్తువు కనపడలేదు. నీడకు మాత్రం ఏం కనపడింది? అన్ని అంకెలూ చదివి, బొమ్మ చదవలేదు. రెండొందల నలభై షీట్లలో దొంగ షీటు నేరుగా అతని చేతికే వచ్చింది. దానికి టిక్కులు పెట్టి, సంతకం పెట్టి, ఆ ముసలాయన సంతకం కూడా పెట్టించాడు. తల కొట్టేసినట్టయింది.

రిజిస్టరు తిరగేశాడు. ఆ షీటును చివరిసారి బయటికి తీసుకెళ్ళింది డిజైన్ కన్సల్టెంట్.

పదకొండూ ఆరు. టెస్ట్ మొదలైపోయింది. షీటు చుట్టి చంకలో పెట్టుకుని కారిడార్లోకి పరుగెత్తాడు. మలుపులో ముత్యం నిలబడి ఉంది. పౌడర్ డబ్బా తెరిచింది. నీడ తుపాకీ కోసం చూశాడు. ఆమె అద్దంలో చూసుకుని ముక్కుకు పౌడర్ రాసుకుంది.

“కంగారు పడకు, తుపాకీ తేలేదు. నీ మీద దాని అవసరం లేదు.”

“నువ్వు దర్జీల మనిషివా?”

“రెండు చోట్లా పని చేస్తాను. ఓపిక ఉన్నదాన్ని. ఆ పదమూడో ఫ్రేము నాకోసం ఊరికే ఖర్చు పెట్టావనుకున్నావా? నాకప్పగించిన పనే అది, నువ్వా మూల తియ్యకుండా చూడటం. పాపం, ఎంత తేలిగ్గా అయిపోయిందో.”

నీడ చంకలోని షీటును ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

“ఇప్పుడు విను. నువ్వెళ్ళి టెస్ట్ ఆపితే నన్ను పట్టుకుంటారు. పట్టుకుంటే నేను మాట్లాడతాను. మూల చిరగలేదని, నువ్వేం ఫొటో తీశావో అంతా చెప్తాను. నీ పద్నాలుగు మిషన్లూ గంగలో కలిసిపోతాయి. ఊరుకున్నావనుకో, ఎవరికీ ఏమీ తెలీదు. బ్లాక్ మీద సంతకం ముసలాయనది. ఒకసారి తప్పు చేసినవాడు మళ్ళీ చేశాడంటారు. ఆయనే ముందు నమ్మేస్తాడు.”

ఇక్కడ మన హీరో వెంటనే పరుగెత్తాడని రాస్తే బాగుండేది. కానీ అతను ఆగాడు. నాలుగు సెకన్లు. లోపల నలుగురు డైవర్లున్నారని తెలిసి కూడా నాలుగు సెకన్లు తన పేరు గురించి ఆలోచించాడు. ఆ తరవాత ఎన్నేళ్ళయినా, బాబాయ్ పోగొట్టుకున్న వేళ్ళకంటే ఎక్కువగా ఆ నాలుగు సెకన్లే అతన్ని పీక్కుతిన్నాయి.

తరవాత కళ్ళజోడు కాడ నొక్కాడు.

“చీఫ్, నీడ మాట్లాడుతున్నాను. ముత్యం దర్జీల మనిషి. గేట్లు మూయించండి. ఇంకో సంగతి సార్. పోయినసారి మూల చిరగలేదు. నేనే తియ్యలేదు. అబద్ధం చెప్పాను.”

ముత్యం పౌడర్ డబ్బా టక్కున మూసింది. ఆమె మొహంలో మొదటిసారి నవ్వు లేదు. నీడ ఆమెను పక్కకు తోసి పరుగెత్తాడు.

టెస్ట్ బే అద్దాల తలుపు బయట బెంచీ మీద, తలుపుకు వీపు తిప్పి బాబాయ్ కూర్చుని ఉన్నాడు. లోపల స్పీకర్లో టెస్ట్ ఇంజినీరు గొంతు వినిపిస్తోంది. “ట్యాంకు ఒత్తిడి నూట అరవై బార్. నూట అరవై అయిదు. రెండొందల దగ్గర రిలీఫ్ తెరుచుకుంటుంది.”

నీడ తలుపు తోసి అరిచాడు. “ఆపండి! టెస్ట్ ఆపండి!”

టెస్ట్ ఇంజినీరు వెనక్కి తిరిగి చూశాడు. “ఎవరయ్యా నువ్వు?”

“ట్రైనీ ఇన్‌స్పెక్టర్ని. రిలీఫ్ బ్లాక్ తప్పు.”

“దాన్ని పాసు చేసింది బాబాయ్. ఆయన సంతకం ఉంది. ట్రైనీగాడు చెబితే టెస్టాపాలా? బయటికి గెంటండి.”

ఇద్దరు మనుషులు నీడ భుజాలు పట్టుకున్నారు. పొగబాంబు ఉంది, వాచీలో ఇంకేదో ఉంది. ఒక్కటీ పనికిరాదు. పొగ వేస్తే వాల్వు కనపడదు, మనుషుల్ని పడగొడితే ఆపేవాడుండడు. కావలసింది నమ్మకం. అది అతని దగ్గర లేదు.

“బాబాయ్!” అని కేక వేసి, చుట్టిన షీటును గుమ్మం అవతలికి విసిరాడు. “ఎదర బొమ్మ చూడండి. తరవాత సెక్షన్ చూడండి. నేను అంకెలు చూశాను బాబాయ్, బొమ్మ చూడలేదు!”

“నూట ఎనభై.”

బాబాయ్ షీటును మోకాళ్ళ మీద విప్పాడు. ఎడమచేతి వేలు ఎదర బొమ్మలో తెగిన గీత వెంట కిందికి దిగింది. సెక్షన్ మీదికి వెళ్ళింది. ఆగింది. 

“నూట ఎనభై ఎనిమిది.”

బాబాయ్ లేచి, గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.  పానెల్ దగ్గరికి నేరుగా నడిచి, మూడు వేళ్ళ చేత్తో గాలి వదిలే ఎర్ర చక్రాన్ని పట్టుకుని తిప్పాడు. పట్టు చాలలేదు. నీడ పట్టుకున్నవాళ్ళను విదిలించుకుని వెళ్ళి తన చెయ్యి కూడా వేశాడు. చక్రం కిర్రుమని కదిలింది. గాలి బుస్సుమంటూ పక్క గొట్టంలోంచి పోయింది. ఒత్తిడి చూపే ముల్లు నూట తొంభై ఏడు దగ్గర వణికి, వెనక్కి తిరిగింది.

అరగంట తరవాత బ్లాక్ విప్పి, చిల్లులోకి తీగ దూర్చారు. అరవై రెండు మిల్లీమీటర్ల దగ్గర తీగ ఆగిపోయింది. టెస్ట్ ఇంజినీరు కుర్చీలో కూలబడ్డాడు. డైవర్లు నలుగురూ తడి బట్టలతో బయటికి వచ్చి, ఏం జరిగిందో తెలియక టీ అడిగారు.

ముత్యాన్ని గేటు దగ్గర పట్టుకున్నారు. ఆమె మాట్లాడతాను, మాట్లాడతాను అంటోందట. చీఫ్ ఆమెను కారులోకి ఎక్కించి, నీడను పక్కకు పిలిచాడు.

“శభాష్. ఇంకో మాట. ఆ రేడియో సరిగా పనిచెయ్యటం లేదు. గేట్లు మూయించమన్న దాకా వినపడింది. ఆ తరవాత గరగర.”

“నేను చెప్పింది సార్—”

“గరగర అన్నానుగా. శత్రువు ఏజెంటు వెయ్యి చెబుతుంది, ఎవడు నమ్ముతాడు? డిపార్ట్‌మెంటుకి పరువనేది ఒకటుంటుంది. ఇంటికెళ్ళి పడుకో.”

బయటపడే దారి అంత శుభ్రంగా పరిచి పెట్టారు. నీడ కాసేపు ఆ దారిని చూశాడు. తరవాత ఇన్‌స్పెక్షన్ రూముకు వెళ్ళాడు.

బాబాయ్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

“బాబాయ్, నేను స్టోర్స్ మనిషిని కాదు.”

“రెండో రోజే తెలిసింది. స్టోర్స్ వాడెవడూ ఎనిమిదింటికల్లా పనిలోకి రాడు.”

“ఆ చిరిగిన డ్రాయింగ్ తెచ్చింది నేనే. అది చిరగలేదు. మూల బాగానే ఉంది. ఫిల్ములో ఒక్క ఫ్రేము మిగిలితే ఒక ఆడమనిషి ఫొటో తీశాను. వచ్చాక అబద్ధం చెప్పాను.”

బాబాయ్ కుళాయి కట్టేశాడు.  చేతుల నుంచి నీళ్ళు నేల మీద పడుతున్నాయి.

“గరాటు చూశావా?”

“చూశాను. అదేంటో తెలీలేదు.”

“తెలీకపోవడం తప్పు కాదు. అడక్కపోవడం తప్పు. ఆ తప్పు నేనూ చేశాను, అది నాకే ఉండనీ. నువ్వు మొయ్యక్కర్లేదు.” ఆయన తువ్వాలు అందుకున్నాడు. “కానీ చిరిగిందన్నావే. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సిందబ్బాయ్. మూల తియ్యలేదని చెప్పుంటే, మేం ఆగేవాళ్ళం. ఇంకోసారి వెళ్ళి తెమ్మనేవాళ్ళం.”

“క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లటం లేదు.”

“నన్నడక్కు. ఇంటికి పద. ఇన్నాళ్ళూ నా ఏడుపు విన్నది మీ పిన్ని. ఆవిడకి చెప్పు.”

ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, నీడ మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. నాలుగు సెకన్ల సంగతి కూడా దాచలేదు. పిన్ని పమిటకొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది.  అయిపోయాక భర్త వైపు తిరిగింది.

“విన్నారా? మీ ఒక్కరి తప్పే కాదట.”

బాబాయ్ తలుపు పక్కన గోడకు ఆనుకుని మొహం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఆవిడ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. నీడ వైపు చూడకుండానే మాట్లాడింది.

“ప్రాణాలు కాపాడావట, సంతోషం. ఆయన్ని మళ్ళీ ఆ గుమ్మం దాటించావు, అదీ సంతోషమే. కానీ ఇవాళ నీకు మంచినీళ్ళు కూడా ఇవ్వబుద్ధి కావటం లేదు నాయనా. వెళ్ళు. ఎప్పుడు రావాలో నేనే కబురు పంపుతాను. పంపకపోతే రాకు.”

తలుపు మెల్లగా మూసుకుంది. గట్టిగా వేసి ఉంటే అతనికి కొంచెం తేలిగ్గా ఉండేది.

మర్నాడు డిపార్ట్‌మెంటు ఫైల్లో ఈ మిషన్ ఎదురుగా ‘పూర్తి విజయం’ అని రాశారు. ఏజెంటుకు పదిహేను రోజుల సెలవు చీటీ కూడా చీఫే స్వయంగా నింపాడు. కారణం అన్నచోట ‘జ్వరం’ అని ఉంది. నీడ దాన్ని కొట్టేసి ‘సిగ్గు’ అని రాసి, కింద సంతకం చేసి పంపాడు. సెలవు మంజూరయింది.